నల్లకారు వెనక సీటు

రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చేదాకా మా కార్యాలయానికి వారసత్వం ఉందన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు.

"ప్రతి కార్యాలయమూ తన అధీనంలోని వారసత్వ సంపదను నెల రోజుల్లోగా గుర్తించి, యథాపూర్వ స్థితికి తెచ్చి, ఆ మేరకు నివేదిక పంపవలెను. అట్టి సంపద లేని కార్యాలయాలు, లేకపోవుటకు గల కారణాలను బాధ్యులైన సిబ్బంది పేర్లతో సహా తెలియజేయవలెను" అని ఉంది అందులో.

బాధ్యులైన సిబ్బంది అనేసరికి అందరం లేచాం.

నేను కాలువల సంరక్షణ శాఖ డివిజను కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. పేరు ప్రభుదాసు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో మొదటివాణ్ణి, ఇప్పటికి ఆఖరివాణ్ణి కూడా నేనే. మా నాన్న గూడ్సు షెడ్డులో బస్తాలు మోశాడు. నేను చదువుకునే కాగితం కింద పడితే కళ్ళకద్దుకుని తీసి ఇచ్చేవాడు. అలాంటి ఇంట్లో పెరగడం వల్ల అచ్చయిన ప్రతి వాక్యాన్నీ నమ్ముతాను. సర్క్యులర్‌ని ఆఖరి పేరా దాకా చదివే అలవాటు మా ఆఫీసులో నాకొక్కడికే ఉంది. ఈ కథలో జరిగిన నష్టమంతా ఆ అలవాటు వల్లే జరిగింది.

వారసత్వం కోసం రెండు రోజులు వెతికాం. అటెండరు ఒక ఇత్తడి సిరాబుడ్డి తెచ్చాడు. సూపరింటెండెంటు అనసూయాదేవి గారు డెబ్బై నాలుగో సంవత్సరం నుంచి తేలకుండా ఉన్న సీనియారిటీ జాబితాను ప్రతిపాదించారు. అది ఇంకా పరిశీలనలోనే ఉంది కనుక వారసత్వం కిందికి రాదని కార్యనిర్వాహక ఇంజనీరు సీతాపతిరావు గారు తోసిపుచ్చారు. ఆయన్ని మేమంతా ఇ.ఇ. గారంటాం. చివరికి డ్రైవరు కోటిలింగం తల గోక్కుంటూ, "వెనక షెడ్డులో నల్లకారుంది గదండీ" అన్నాడు.

యాభై ఎనిమిదిలో కొన్న కారు అది. ఆనాటి పెద్ద ఇంజనీర్లు అందులో కూర్చుని కాలువగట్ల మీద తిరిగేవారట. ఇంజను ఎప్పుడో వేలం వేశారు. మిగతా ఒళ్ళంతా దిట్టంగానే ఉంది. తుడిస్తే మొహం కనపడుతుంది. పాడైందల్లా వెనక సీటు. తోలు చిరిగి, కొబ్బరి పీచు బయటికొచ్చి, నడిమధ్యన ఒక స్ప్రింగు తలెత్తి నిలబడి ఉంది. ఇ.ఇ. గారు ఆ స్ప్రింగును గమనించక కూర్చున్నారు. వెంటనే లేచి, వెనక్కి తడుముకున్నారు.

"వారసత్వం గట్టిగానే ఉందయ్యా" అన్నారు తర్వాత.

ఇరవై అయిదో తారీఖున మా కార్యాలయం డెబ్బై అయిదేళ్ళ పండుగ. రాజధాని నుంచి కార్యదర్శి గారు వస్తున్నారు. ఆయన ఆ వెనక సీట్లో కూర్చోగా ఫోటో తీయాలని నిర్ణయమైంది. ఇ.ఇ. గారు నన్ను పిలిచారు.

"ప్రభుదాసూ, ఇటువంటి పురాతన వాహన ఆసనాలను పునరుద్ధరించగల నిపుణుడైన సీట్ల దుకాణదారుని అన్వేషించి, గుర్తించి, ప్రతిపాదించు. ఈ మూడూ మూడు దశలు. ఒకదాన్లో ఒకటి కలిపెయ్యకు."

కలపనని చెప్పి, ఎర్ర నాడా కట్టిన కొత్త ఫైలు తెరిచాను.

అదే మధ్యాహ్నం అనసూయాదేవి గారు పచ్చ నాడా ఫైలు ఒకటి నా బల్ల మీద పెట్టారు. కార్యదర్శి గారు కాలువగట్టు మీదుగా వస్తారు కనుక, గట్టు మీద ఉన్న పదకొండు కొట్లను ఇరవయ్యో తారీఖు కల్లా తీసేయాలన్నది దాని సారాంశం. నేను ఆఖరి పేరా దాకా చదివాను. "శాఖ ఇచ్చిన పని ఉత్తర్వు చేతిలో ఉన్న వృత్తిదారులను మాత్రం కదిలించరాదు" అని ఉంది. జాబితాలో ఏడో పేరు, కాలేషా. రేకుల కొట్టు. వాహనాల సీట్లు కుట్టుట. నలభై ఏళ్ళకు పైబడి.

ఆ రెండు ఫైళ్ళూ నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. నాడాల రంగులు వేరు గనుక, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియాలన్న ఆలోచన నాకు రాలేదు. అన్వేషణకు బయల్దేరాను.

మొదటి దుకాణం అద్దాల షోరూము. యజమాని నా ఫోటోలు చూసి జాలిపడ్డాడు.

"ఈ సీటు పీకి అవతల పారేద్దాం సార్. విమానం సీటు వేద్దాం. మీట నొక్కితే నడుం పిసుకుద్ది. కాఫీ కప్పు పెట్టుకునే బొక్క కూడా వస్తది."

"యథాపూర్వ స్థితి అని సర్క్యులరండి. యాభై ఎనిమిదిలో కప్పు బొక్క ఉండేదా?"

"అప్పట్లో కాఫీ తాగలేదంటారా?"

రెండో దుకాణంలో ఫోము తప్ప ఇంకో మాట లేదు. స్ప్రింగుల మీద పీచు పరిచి గోనెగుడ్డ బిగించే పని తన తాతతోనే పోయిందని, తాత ఫోటో చూపించాడు. మూడో దుకాణం ఊరి చివర, లారీలు బాగుచేసే పేటలో ఉంది. అక్కడి పెద్దాయన నా చేతిలో కాగితం చూసి పడీపడీ నవ్వాడు.

"ఏ ఆఫీసయ్యా మీది?"

చెప్పాను.

"మీ గోడకి ఆనుకునే గదా కాలేషా కొట్టు! స్ప్రింగు సీటొస్తే మేమందరం ఆయన దగ్గరికే పంపుతాం. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారంట, అట్టా ఉంది నీ యవ్వారం."

వెనక్కొచ్చి మా ప్రహరీగోడ చుట్టూ తిరిగి చూశాను. ఆరేళ్ళుగా నేను రోజూ కిటికీలోంచి చూస్తున్న రేకుల కప్పే అది. దాని కింద ఒక ముసలాయన ఆటో సీటు ఒళ్ళో పెట్టుకుని దబ్బనంతో కుడుతున్నాడు. పక్కన ఆయన భార్య జాన్‌బీ కొబ్బరి పీచు చిక్కుతీస్తోంది.

"కూచో బాబూ" అన్నాడు కాలేషా. నేను వచ్చిన పని అడగలేదు. నేను ఒక పాత సీటు మీద కూర్చుంటే, కళ్ళు చికిలించి నన్నే చూశాడు. "కుడి పక్కకి ఒరిగి కూచుంటావు. నీ కుర్చీ ఎడంపక్క దిగబడిపోయింది, అవునా?"

అవును. ఆరేళ్ళుగా అవును.

"ఈ మనిషికిదో జబ్బు బాబూ" అంది జాన్‌బీ. "పెళ్ళిచూపుల్లో నా మొహం చూళ్ళేదు. ఎట్టా కూచున్నానో చూశాడు."

"టేపు పెట్టి కొలిస్తే సీటు కొలత తెలుస్తది. మనిషి కొలత తెలవదు గదా" అన్నాడు కాలేషా. నేను నల్లకారు ఫోటో చూపించగానే ఆయన చేతిలో దబ్బనం ఆగింది. "ఓర్నీ! ఇది నేను కుట్టిన సీటేనయ్యా. ఎనభై ఒకటో సంవత్సరం, ఎండాకాలం. లోపల చీటీ కూడా పెట్టా."

"చీటీ ఏమిటి బాబాయ్?"

చెప్పాడు. వాళ్ళ పనిలో అదొక పద్ధతి. సీటు నింపి మూసేముందు లోపల చిన్న గుడ్డపేలిక పెడతారు. దాని మీద రెండు పేర్లు దారంతో కుడతారు. సీటు కుట్టిందెవరు, అందులో కూర్చునేదెవరు. తర్వాత ఎప్పుడో ఇంకొకడు ఆ సీటు విప్పుతాడు. లోపల పని బాగుంటే దణ్ణం పెట్టుకుంటాడు, లేకపోతే తిడతాడు.

"ఎవణ్ణి తిట్టాలో తెలియాలి గదా" అన్నాడు కాలేషా. "కొన్నిసార్లు కుట్టినోడి తప్పుండదు. కూచున్నోడే సీటు పాడుచేస్తాడు. అందుకని రెండు పేర్లు. మా ఇంట్లో చదువుకున్నది ఈమే, అయిదో తరగతి. ఈమె బొగ్గుతో అక్షరాలు రాస్తది, నేను వాటి మీద కుడతా."

అప్పుడు రెండు నాడాలూ నా తలలో ఒకదానికొకటి తగిలాయి. పని ఉత్తర్వు కాలేషాకి వస్తే సీటు బాగవుతుంది, కొట్టూ నిలబడుతుంది. ఆ సంగతి చెప్పాను. తీసేస్తారన్న నోటీసు అప్పటికే రేకుకి అంటించి ఉంది. అంటించింది మా ఆఫీసే. కింద ఇనీషియల్స్ నావే.

"అయితే తొందరగా రాయి బాబూ" అంది జాన్‌బీ. "ఈ కొట్టు పోతే ఈయన ఇంట్లో కూచుని నా మంచం విప్పి మళ్ళీ కుడతాడు."

అన్వేషించాను, గుర్తించాను. ప్రతిపాదించాను. మూడు దశలూ కలపలేదు.

ప్రతిపాదన మీద కమిటీ వేశారు. ఇ.ఇ. గారు, అనసూయాదేవి గారు, వారసత్వ సలహాదారుగా రాజధాని నుంచి డాక్టర్ పురంధర్ గారు. పురంధర్ గారు చేనేత లాల్చీ వేసుకుని, భుజాన గుడ్డసంచీతో వచ్చారు. ఏ వస్తువునైనా ముట్టుకునే ముందు తెల్లటి చేతి తొడుగులు వేసుకునేవారు. టీ గ్లాసు కూడా అలాగే పట్టుకున్నారు.

"నిపుణుడు అని మనం ఎలా నిర్ధారిస్తాం?" అన్నారాయన. "ఇదే సంవత్సరపు కారు, ఇదే సీటు, గతంలో కుట్టిన అనుభవం ఉండాలి. దానికి లిఖితపూర్వక ఆధారం ఉండాలి."

"ఉందండి" అన్నాను. "సీటులోపల ఉంది."

"అయితే సమర్పించండి."

"సీటు విప్పాలండి."

"వారసత్వ వస్తువును నిర్ధారిత నిపుణుడు తప్ప ఎవరూ విప్పరాదు."

"ఆధారం చూపిస్తే నిర్ధారిత నిపుణుడవుతాడండి."

"చూపించమనే కదా అంటున్నాం" అన్నారు అనసూయాదేవి గారు, నా మీద కొంచెం విసుగుతో.

ఎనభై ఒకటి నాటి బిల్లుల రిజిస్టరులో ఉండొచ్చని రికార్డు గది వెతికాను. చెదలు అట్టల్ని వదిలేసి మధ్యలోది తిన్నాయి. ఇ.ఇ. గారు ఫైలు మీద రాశారు: "సమస్య స్పష్టమైనది. స్పష్టమైన సమస్య విషయంలో తొందరపాటు కూడదు."

పన్నెండో తారీఖున పురంధర్ గారు సీటును స్వయంగా తనిఖీ చేశారు. టార్చి వేసి పీచులోకి చూస్తుండగా, లోపలినుంచి ఒక ఎలుక తల బయటపెట్టి ఆయన్ని తనిఖీ చేసింది. అనసూయాదేవి గారు కారు బంపరు ఎక్కారు. బంపరు కూడా వారసత్వమేనని పురంధర్ గారు గుర్తు చేస్తే, దిగలేక దిగారు.

"బోను తెస్తానుండండి" అన్నాడు కోటిలింగం.

"ఆగండి!" పురంధర్ గారు చెయ్యెత్తారు. "ఇవి ఎంతకాలంగా ఇక్కడ నివసిస్తున్నాయి?"

"నేను ఉద్యోగంలో చేరిన్నాటి నుంచీ చూస్తన్నానండి. ముప్పై ఏళ్ళు."

"ఇవే ఎలుకలా?"

"ఇవి కాదండీ. వీటి తాతలు."

పురంధర్ గారు తొడుగులు తీసి, నుదురు తుడుచుకుని, నెమ్మదిగా చెప్పారు. "ఇరవై అయిదేళ్ళకు మించి నిరాటంకంగా, తరతరాలుగా కొనసాగుతున్న నివాసం వారసత్వ పరిసరంలో అంతర్భాగం. దీన్ని భంగపరచరాదు."

కమిటీ తీర్మానించింది. బోను తీసేశారు. షెడ్డులోకి పిల్లి రాకుండా తలుపు కింద పలక కొట్టించారు. ఎలుకలు ఆకలికి సీటు కొరకకుండా పూటకు గుప్పెడు శనగలు పెట్టే పని కోటిలింగానికి అప్పగించారు. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. తప్పుల్లేకుండా చేశాను.

ఆ కాపీ కాలేషా చదివి చెప్పమంటే చదివాను. ఆయన నవ్వాడు. జాన్‌బీ నవ్వలేదు.

"ముప్పై ఏళ్ళకి ఎలకకి శనగలు. నలభై ఏళ్ళకి మాకు నోటీసు. ఏందయ్యా, నువ్వు చెయ్యి తిరగాలని ఇన్నాళ్ళు కష్టపడ్డావు గానీ, ఒక తోక పెంచుకున్నా సరిపోయేది."

"నోటీసు మీద ఈ బాబు సంతకమే గదా ఉంది, ఆయన్ని అడుగు" అన్నాడు కాలేషా. మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

పదిహేడో తారీఖు పొద్దున షెడ్డు తలుపు తీసిన కోటిలింగం కేకేశాడు. శనగలు తిని బలిసిన ఎలుకలు కొత్త గూడు కోసం సీటు లోతు దాకా తవ్వినట్టున్నాయి. కారు కింద పీచు కుప్పగా పడి ఉంది. కుప్ప మీద పసుపుపచ్చటి గుడ్డపేలిక. నల్లదారంతో గుండ్రటి అక్షరాలు.

కుట్టింది కాలేషా. కూర్చునేది పెద్ద ఇంజనీరు. 81 మే.

కళ్ళకద్దుకున్నాను. మా నాన్న అలవాటు. అరగంటలో కమిటీ కూర్చుంది.

"ఎలుక వెలికితీసిన ఆధారం చెల్లుతుందా?" అని అనసూయాదేవి గారి సందేహం.

"ఆ ఎలుకలు ప్రస్తుతం శాఖ పోషణలో ఉన్నాయి" అన్నారు ఇ.ఇ. గారు. "కనుక శాఖాపరంగా వెలికితీసినట్టే భావించవచ్చు."

నా గుండె తేలికపడింది. కాలేషా నిపుణుడని ఏకగ్రీవంగా తేలింది. పురంధర్ గారు పేలికను పటకారుతో పట్టుకుని వెలుతురులో చూస్తూ, ఉన్నట్టుండి మొహం మాడ్చుకున్నారు.

"ఎనభై ఒకటి? అంటే ఈ సీటు యాభై ఎనిమిది నాటి సీటు కాదా? ఈ కాలేషా అనే వ్యక్తి వారసత్వ వస్తువును మార్చాడా?"

"అప్పుడు చిరిగిందండి. అందుకని కుట్టాడు" అన్నాను.

"చిరగడం చరిత్ర. కుట్టడం జోక్యం."

ఆ సాయంత్రానికి తీర్మానం సిద్ధమైంది. సదరు కాలేషా ఈ సీటును కుట్టినట్టు రుజువైనందున నిపుణుడు. సదరు కాలేషా ఈ సీటును కుట్టినట్టు రుజువైనందున, మరల కుట్టనిచ్చుట క్షేమకరం కాదు. సీటును ఉన్న స్థితిలోనే, స్ప్రింగుతో సహా, తాడు కట్టి ప్రదర్శనకు ఉంచవలెను. కార్యదర్శి గారు పక్కన నిలబడి ఫోటో దిగెదరు.

పని లేదు. పని లేదు కనుక ఉత్తర్వు లేదు. ఎర్ర నాడా ఫైలు మూసేశారు. పచ్చ నాడా ఫైలుకి మూడు రోజులే మిగిలాయి.

మర్నాడు అన్నం కూడా తినకుండా సర్క్యులర్ ముందేసుకుని కూర్చున్నాను. ఎక్కడో ఒక దారి ఉంటుంది, లేకపోతే ఇన్ని పేరాలు ఎందుకు రాస్తారు అని నా నమ్మకం. తొమ్మిదో పేరాలో దొరికింది. "వారసత్వ వస్తువు తయారైన లేదా మార్పు చెందిన స్థలము, అందలి పనిముట్లతో సహా, వారసత్వ సంపదగా పరిగణింపబడును. అట్టి స్థలమును ఎట్టి పరిస్థితులలోనూ తొలగించరాదు."

దాని కింద ఎర్రసిరాతో గీత గీశాను. సీటు కుట్టింది ఆ కొట్లోనే. రుజువు మన దగ్గరే ఉంది. మూడు పేజీల నోటు రాశాను. నా ఉద్యోగంలో అంత మంచి నోటు ముందూ రాయలేదు, తర్వాతా రాయలేదు. ఎర్ర నాడా, పచ్చ నాడా విప్పి, రెండు ఫైళ్ళనూ మొదటిసారి ఒకే కట్టగా కట్టాను.

ఇ.ఇ. గారు రెండుసార్లు చదివారు. "నువ్వు డిగ్రీ ఏ కాలేజీలోనయ్యా?" అని అడిగారు. అడిగి సంతకం చేశారు. పురంధర్ గారైతే లేచి నాతో చెయ్యి కలిపారు. ఆ రోజు తొడుగు కూడా వేసుకోలేదు.

గోడ చుట్టూ తిరిగి వెళ్ళే ఓపిక లేక గోడ దూకాను. "కొట్టు తీయరు బాబాయ్! ఎవడూ తీయలేడు! రాతపూర్వకంగా ఉంది!"

జాన్‌బీ సేమ్యా పాయసం చేసి పెట్టింది. కాలేషా నన్ను మళ్ళీ పాత సీటు మీద కూర్చోబెట్టి చూశాడు. "ఇయ్యాల తిన్నగా కూచున్నావు బాబూ" అన్నాడు. "నీ కుర్చీ దిండు తీసుకురా. బాగుచేసిస్తా."

పందొమ్మిదో తారీఖు ఉదయం పురంధర్ గారు తాడు, బోర్డు, రిజిస్టరు పట్టుకుని గట్టు మీదికి వచ్చారు. కొట్టు లోపలి వస్తువులకు నంబర్లు వేయడం మొదలుపెట్టారు. కత్తెర నంబరు మూడు. పీచు బుట్ట నంబరు తొమ్మిది. జాన్‌బీ కూర్చునే పీట నంబరు పదకొండు.

"పీట మీద నేనున్నానయ్యా" అంది జాన్‌బీ.

"మీరు లేవాలమ్మా. మీరు రిజిస్టరులో లేరు."

కాలేషాని బయటికి రమ్మన్నారు. వచ్చాడు. తాడు కట్టారు. "వారసత్వ స్థలము. ప్రవేశము నిషిద్ధము. తాకరాదు" అని బోర్డు పాతారు.

"దబ్బనం ఒకటిస్తే ఆటో సీటు అయిపోద్దండీ. సగంలో ఉంది" అన్నాడు కాలేషా తాడు ఇవతలి నుంచి.

"దబ్బనం నంబరు పద్నాలుగు. సగంలో ఉన్న సీటు నంబరు పదిహేను. వృత్తి ప్రక్రియను కళ్ళకు కట్టినట్టు చూపే అరుదైన ప్రదర్శనాంశం. దాన్ని పూర్తి చేయరాదు."

"మరి నా బండి?" అన్నాడు అప్పుడే వచ్చిన ఆటో అతను. అతనికి సమాధానం చెప్పే నిబంధన లేదు. గోనెసంచి మీద కూర్చుని నడుపుకుంటూ వెళ్ళాడు.

నేను పురంధర్ గారిని పక్కకు పిలిచి, కొట్టు నిలబెట్టమన్నది అందులో ఆయన పని చేసుకోవడానికే కదా అని అడిగాను.

"పని చేస్తే అరుగుతుంది ప్రభుదాసు గారూ. తొమ్మిదో పేరా తర్వాత పదో పేరా చదివారు కదా?"

చదివాను. చదవకపోవడం అనేది నాకు అలవాటు లేదు. వారసత్వ సంపదను వాడుకలో ఉంచరాదని ఉంది అందులో. చదివి, అది నల్లకారు గురించి అనుకున్నాను.

ఇరవయ్యో తారీఖున జేసీబీ వచ్చింది. పది కొట్లను తీసేసి, మిగిలిన ఒక్కదాని తాడు తెగకుండా డ్రైవరు ఎంతో జాగ్రత్తగా పక్కనుంచి పోనిచ్చాడు. తీసేసిన కొట్లవాళ్ళు సామాన్లు సర్దుకుని ఎటువాళ్ళటు పోయారు. కాలేషా మాత్రం పోలేదు. తన కొట్టు తీయలేదు కదా, ఎక్కడికి పోతాడు? తాడు పక్కనే గట్టు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళు ఏదో ఒకటి పట్టుకుని ఉన్న చేతులు. ఊరికే ఉండలేక వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి.

ఇరవై రెండున అనసూయాదేవి గారు కొత్త ఫైలు నా బల్ల మీద పెట్టారు. విషయం: వారసత్వ స్థలము ఎదుట ఆక్రమణ. కాలేషా అను వ్యక్తి గట్టుపై కూర్చుని స్థల సౌందర్యమునకు భంగము కలిగించుట. నోటీసు ఇచ్చి రమ్మన్నారు. ఇచ్చి వచ్చాను. కొట్టు రేకు ఇప్పుడు తాకరానిది, దాని మీద అంటించడానికి వీల్లేదు. చేతికే ఇవ్వాల్సి వచ్చింది.

ఇరవై అయిదున కార్యదర్శి గారు వచ్చారు. కారు దిగి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. నల్లకారు పక్కన ఫోటో దిగారు. ఎలుక కూడా ఫోటోలో పడింది. గట్టు మీదికి నడిచి కొట్టు చూశారు. బోర్డు చదివారు. తాడు ఇవతల కూర్చున్న మనిషిని చూశారు.

"ఈయనెవరు?"

"ఆక్రమణదారు సార్" అన్నారు అనసూయాదేవి గారు. "తొలగింపు ప్రక్రియలో ఉన్నాడు."

కాలేషా ఆయన మొహం కేసి చూడలేదు. ఆయన నిలబడ్డ తీరు చూశాడు. "తమరి సీటు వెనకభాగం లోపలికి కుంగిపోయింది దొరా. రెండు గంటల కంటే ఎక్కువ కూచోబాకండి" అన్నాడు.

అందరం బిగుసుకుపోయాం. కార్యదర్శి గారు నడుం మీది చేతులు గబుక్కున తీసేశారు. తిరిగి వెళుతూ కారు దగ్గర ఆగి, ఇ.ఇ. గారి చెవిలో చెప్పినా నాకు వినిపించింది.

"సీతాపతిరావు గారూ, ఈ కారు సీటు నా నడుం విరగ్గొడుతోంది. ఈ ఊళ్ళో మంచి సీట్లు కుట్టేవాడెవరైనా ఉంటే చూసి పెట్టండి."

"తప్పకుండా సార్! ప్రభుదాసూ! అన్వేషించి, గుర్తించి, ప్రతిపాదించు."

నేను వేలు చూపించడానికి గట్టు వైపు తిరిగాను. అప్పటికే ఇద్దరు సిబ్బంది కాలేషాని చెరో పక్కన పట్టుకుని మర్యాదగా నడిపిస్తున్నారు.

కాలువకి అవతలి గట్టు మాది కాదు, వేరే శాఖది. వాళ్ళకి వారసత్వం సంగతి ఇంకా తెలియదు. నెల తిరక్కుండా కాలేషా అక్కడ నాలుగు గుంజలు పాతి తాటాకు కప్పాడు. కొత్త దబ్బనం ఇంకా చేతికి అలవాటు కాలేదంటాడు. ఇవతల బోర్డు చూడటానికి వచ్చినవాళ్ళు, ఇలాంటి పనివాళ్ళు ఇప్పుడు ఉన్నారా అని నన్ను అడుగుతుంటారు. లేరని రిజిస్టరులో ఉంది గనుక నోటితో ఏమీ చెప్పను. వంతెన చూపిస్తాను.

పోయిన శుక్రవారం నా బల్ల మీదికి ఒక కవరు వచ్చింది. జతపరచిన వారసత్వ సర్క్యులర్ ప్రతిని అవతలి గట్టు శాఖకు ఈ కార్యాలయం ద్వారా పంపవలెనని అందులో ఉంది. ఆఖరి పేరా దాకా చదివాను. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, నా కుర్చీ దిండు చంకన పెట్టుకుని వంతెన దాటాను.

కాలేషా దిండు విప్పి, లోపలి పాతపీచు చూసి నాలుగు తిట్లు తిట్టాడు. ఎవరిని తిట్టాలో లోపల రాసి లేదు గనుక అందరినీ కలిపి తిట్టాడు. కొత్త పీచు సర్దాడు. ఎడంపక్క కొంచెం ఎత్తు పెట్టాడు. జాన్‌బీ పేలిక మీద బొగ్గుతో రాసింది.

"ఏం రాశావు పిన్నమ్మా?"

"కుట్టింది కాలేషా. కూచునేది ప్రభుదాసు. ఇంకేం రాస్తారు?"

"తిట్టేమీ రాయలేదా?"

"చీటీలో తిట్లు రాయరు బాబూ. పేర్లే. తిట్టడం విప్పినోడి పని."

కాలేషా మూసి కుట్టబోతుంటే ఆగమన్నాను. జేబులో కాగితం తీసి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది బాబూ ఇది?"

"లోపల పెట్టు బాబాయ్. పీచుకి బలంగా ఉంటుంది."

ఆయన జాన్‌బీ వైపు చూశాడు. ఆవిడ కాగితం తీసుకుని పైన రెండు ముక్కలు కూడబలుక్కుని చదివింది. చదివి, దిండు మధ్యలోకి తోసి, పైన గుప్పెడు పీచు వేసింది. కాలేషా కుట్టేశాడు. దగ్గర దగ్గరగా, మామూలు కంటే రెండు వరసలు ఎక్కువ వేశాడు.

ఇప్పుడు నేను తిన్నగా కూర్చుంటున్నానని అనసూయాదేవి గారు కూడా గమనించారు. ఆ కాగితం ఎక్కడుందని ఎవరైనా అడిగితే, పరిశీలనలో ఉందని చెబుతాను. ఎప్పుడో ఒకప్పుడు ఈ దిండు ఎవరో విప్పుతారు. తిట్టాల్సిన పేరు కోసం వాళ్ళు వెతుక్కోనక్కర్లేదు.